పక్క సీటు

మామగారి మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకు తగులుతున్నాయి.

చిన్నకోడలు ట్వీజరుతో బొమ్మను బయటికి తీసింది. సీటు మీద పడిన ప్లాస్టిక్ పొడిని ఉఫ్‌మని ఊది మళ్ళీ కూర్చోబెట్టింది. ఈసారీ అంతే. వీపు సీటుకు ఆనితే మోకాళ్ళు ఇరుక్కుంటున్నాయి, మోకాళ్ళు సర్దితే మనిషి గాల్లో వేలాడుతున్నాడు. అది ఇంకా బొమ్మ కూడా కాదు. తెల్లటి ప్లాస్టిక్ రేకులోంచి కోసిన మనిషి ఆకారం. నడుము దగ్గరా మోకాళ్ళ దగ్గరా వంగేలా సన్నటి రాగితీగ గుచ్చింది. కొలత మాత్రం కచ్చితం. మామగారి ఎత్తును ఇరవై నాలుగుతో భాగించి మరీ కోసింది. ఆమె చేసే కార్లన్నీ అసలు కారులో ఇరవై నాలుగో వంతుంటాయి.

భోజనాల బల్లలో కిటికీ వైపు సగం ఆమెది. అక్కడ కోత చాప, బ్లేడ్లు, సన్నటి ఆకురాళ్ళు, ఉప్పుకాగితం ముక్కలు, మూత బిగుసుకుపోయిన జిగురు సీసా ఉంటాయి. మిగతా సగం మీద ఇంటిల్లిపాదీ తింటారు. సరిహద్దు దాటి ఎవరి గిన్నే ఇవతలికి రాదు.

"ఏమంటున్నాడు మా నాన్న?" అవతలి సగం మీద టిఫిన్ తింటున్న భర్త అడిగాడు.

"పట్టనంటున్నారు."

"ఆయనెక్కడా పట్టేవాడు కాదులే. బస్సులో కూడా కాళ్ళు నడవాలో పెట్టి అందరితో తిట్లు తినేవాడు."

అతనికి అది నవ్వులాటే. కానీ ఆదివారానికి ఈ కారు పూర్తవాలి. బావగారి డ్రైవింగు స్కూలుకు కొత్త భవనం కట్టారు, ఆ రోజే ప్రారంభం. గుమ్మం లోపల అడుగు పెట్టగానే గాజుపెట్టె, అందులో స్కూలు మొదటి కారు నమూనా, నేర్పే సీట్లో వ్యవస్థాపకులైన, ఇప్పుడు లేని మామగారు. బావగారు కోరింది ఇదీ. "నువ్వయితేనే అచ్చం అలాగే చేస్తావమ్మా," అని ఆయన అన్న మాట ఆమెకు లోలోపల ఎంత నచ్చిందో ఎవరికీ చెప్పలేదు.

అచ్చం అలాగే చేయడమే ఇప్పుడు చిక్కయింది. ఆ కారును ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె ఈ ఇంటికి వచ్చేటప్పటికే అమ్మేశారు. ఉన్నవి నాలుగు ఫొటోలు, ఇంటివాళ్ళ జ్ఞాపకాలు. ఫొటోలు నలుపు తెలుపువి. జ్ఞాపకాలు ఒక్కొక్కరివి ఒక్కో రంగువి. బూడిదరంగు అన్నాడు భర్త. లేత నీలం అని ఒట్టు పెట్టుకున్నంత పని చేశారు బావగారు. అత్తగారిని అడిగితే, "దుమ్ము రంగు. ఎవరు తుడిచారని?" అన్నారు. చివరికి బూడిదలో నీలం కలిపి వేసింది. ముగ్గురూ ఎవరికి వారు తమ మాటే నెగ్గిందనుకోవచ్చు.

తప్పు తనదే అయ్యుంటుందనుకుని డ్యాష్‌బోర్డు ఊడదీసి మళ్ళీ కొలిచింది. సరిగానే ఉంది. నేల, తలుపు వెడల్పు, సీటు ఎత్తు, అన్నీ సరిగానే ఉన్నాయి. భర్త ఆఫీసుకు వెళ్ళాక భూతద్దం తీసుకుని ఫొటోల మీద పడింది.

మూడో ఫొటోలో కారు తలుపు తెరిచి ఉంది. దాని అంచున మూడేళ్ళ పిల్లాడుగా భర్త కూర్చుని బూటు విప్పుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ ఆ బుగ్గలు చూసి మురిసిపోయిందే తప్ప వాటి వెనకేముందో చూడలేదు. అతని చెవి పక్కన సీటు కాలు కనిపిస్తోంది. కాలి కింద ఇనుప పట్టీ, పట్టీకి రెండు బోల్టులు. అంటే ఈ సీటు జరగదు. నడిపేవాళ్ళ సీటు పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది కానీ, పక్క సీటును మాత్రం ఎవరో కావాలని ముందుకు లాగి నేలకు బిగించేశారు. దాని ముందు, మామూలు కారులో ఉండనివి రెండు పెడళ్ళు. ఒకటి బ్రేకు, ఒకటి క్లచ్చు. నేర్చుకునేవాళ్ళు తడబడితే పక్కనున్నవాళ్ళు తొక్కేందుకు.

తాను సీటును నాలుగు మిల్లీమీటర్లు వెనక పెట్టిందని అప్పుడు తెలిసింది. అసలు కారులో అది బెత్తెడుకు పైనే. ఊడదీసి ఫొటోలో ఉన్న చోట అతికించింది. ఇప్పుడు మామగారి మోకాళ్ళు ఇరుక్కోవడం కాదు, ముందు అద్దంలోంచి బయటికి పోయేలా ఉన్నాయి.

సాయంత్రం భర్త ఇంకా బూట్లు కూడా విప్పకముందే అడిగింది. "మామగారు ఈ సీట్లో ఎలా కూర్చునేవారు?"

"కూర్చునేవాడు మరి."

"మీరు చూశారా?"

"చూడకుండా ఎలా ఉంటాను?" అన్నాడు. ఒక బూటు విప్పాడు. రెండోదాని లేసు సగం లాగాడు. "చూసే ఉంటాను," అన్నాడు.

*

అత్తగారు పెరటి వరండాలో ఆరిన బట్టలు మడత పెడుతున్నారు. ఆవిడ మడత పెడితే దుప్పటి పుస్తకంలా ఉంటుంది. చిన్నకోడలు రెండో కొస పట్టుకుంది.

"అత్తయ్యా, కారులో ఆ పక్క సీటు అంత ముందుకు ఎందుకు బిగించారు?"

"ఏ కారు?"

"మన స్కూలు కారు."

"ఎప్పుడో పోయిన కారు సీటు ఇప్పుడు నాకేం గుర్తుంటుంది? కొస సరిగ్గా పట్టుకో, వంకరపోతోంది."

"మామగారికి మోకాళ్ళు పట్టవు అందులో."

"పట్టకపోతే మానెయ్. కార్లు చేయడం వచ్చు నీకు, శుభ్రంగా కారు చెయ్. మనుషుల్ని దాంట్లో కూరడం దేనికి?"

దుప్పటి ఆవిడ చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఇక ఆ సంగతి మాట్లాడనని ఆ మడతలోనే చెప్పేశారు.

చిన్నకోడలు ఊరుకునే రకం కాదు. ఒక కుట్టు విప్పడం మొదలుపెడితే చివరిదాకా లాగితే గానీ ఆమెకు తోచదు. బల్ల దగ్గరికి వచ్చి ప్లాస్టిక్ రేకులోంచి ఇంట్లోవాళ్ళందరినీ కోసింది. భర్తకూ మోకాళ్ళు తగిలాయి. బావగారికి మోకాళ్ళకంటే ముందు పొట్ట తగులుతుందని ఆయన బొమ్మ చేయకుండానే తెలుసు, అయినా చేసింది. తన బొమ్మ పర్వాలేదు గానీ, కాలు మడత పడి పెడలు మీద సరిగ్గా ఆనలేదు. అత్తగారి ఎత్తు కొలవడానికి తలుపు సాయం తీసుకుంది. ఆవిడ వంటింట్లోంచి వచ్చినప్పుడు నడినెత్తి తలుపు గడియకు ఎంత కింద ఉందో చూసి పెట్టుకుంది. కోసింది. వంచింది. కూర్చోబెట్టింది.

వీపు సీటుకు ఆనింది. మోకాలు సుఖంగా వంగింది. పాదం వెళ్ళి బ్రేకు మీద పడింది. కొలత తీసి కుట్టినట్టుంది.

ఆమె ట్వీజరు కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, ఆ తెల్లటి రేకుముక్కను చాలాసేపు చూసింది.

*

వీధి మలుపులో మందుల షాపావిడ ఆ స్కూల్లోనే డ్రైవింగు నేర్చుకుందని ఎప్పుడో విన్న గుర్తు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ చూసుకుని అత్తగారి బీపీ మాత్రలకు వెళ్ళింది.

"మీకు కారు నేర్పిందెవరండీ?" అంది మాత్రలు చేతికి తీసుకుంటూ.

"మీ అత్తగారేగా," అంది షాపావిడ, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

"ఆడవాళ్ళకు ఆవిడ నేర్పేవారా?"

"ఆడేంటి, మగేంటి. అందరికీ ఆవిడే. మా ఆయనకీ ఆవిడే. మొదటిరోజు పెద్దాయన కూర్చున్నారు మాకు. అమ్మో, ఆ అరుపులకి నేను కారాపేసి దిగి ఇంటికి నడిచొచ్చేశాను. మా ఆయనయితే స్టీరింగు వదిలేసి దండం పెట్టాడట. అలా పోయినవాళ్ళందర్నీ మీ అత్తగారు పిలిపించుకునేవారు. పెద్దాయన ఆఫీసులో బల్ల దగ్గర కూర్చునేవారు. మంచాయనే పాపం, కారు దిగితే."

"అత్తయ్య అరిచేవారు కాదా?"

"అరవడమా? అసలు మాట్లాడితేగా. ఒళ్ళో ఊలుండ పెట్టుకుని స్వెట్టరు అల్లుకునేవారు. రోడ్డు వైపు చూసేవారో లేదో కూడా మనకి తెలీదు. సూదులు టిక్కుటిక్కుమంటూ ఉంటే మనం బాగా నడుపుతున్నట్టు. టిక్కులు ఆగాయంటే ఏదో తప్పు చేస్తున్నామన్నమాట. ఏంటా అని మనమే వెతుక్కోవాలి. గేరా, అద్దం చూడలేదా, పక్కనుంచి సైకిలొస్తోందా అని. అప్పటికీ తెలుసుకోకపోతే బ్రేకు పడేది." షాపావిడ నవ్వింది. "ఇప్పటికీ వంతెన దగ్గర మలుపు తిరిగేటప్పుడు ఆ సూదుల కోసం వింటాను, తెలుసా?"

"ఆ స్వెట్టర్లన్నీ ఏమయ్యాయి?"

"పరీక్ష పాసైనవాళ్ళకి ఇచ్చేసేవారుగా. నాది ముక్కుపొడుం రంగు. ఒక చెయ్యి పొడుగు. నేను వెనక్కి నడపడం నేర్చుకున్నప్పుడు అల్లిన చెయ్యి అది, లెక్క తప్పారట."

చిన్నకోడలు ఇంటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. మాత్రల పొట్లం తీసుకుని, లోపల చూసి, "ఇవి మొన్ననే తెచ్చావుగా," అన్నారు. తర్వాత ఆవిడకు అర్థమైపోయింది. "ఏం చెప్పిందేమిటి ఆ క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలీని మనిషి?"

"మీరు లెక్క తప్పి ఒక చెయ్యి పొడుగు అల్లారని చెప్పింది."

"తప్పనా మరి? గోడలన్నీ నా మీదికే వస్తుంటే." నవ్వొచ్చింది గానీ ఆవిడ దాన్ని పెదవుల దగ్గరే ఆపేసి లోపలికి వెళ్ళిపోయారు.

*

శుక్రవారం సాయంత్రం బావగారు వచ్చారు. కుర్చీ లాక్కుని బల్ల మీదికి వంగి, చేతులు వెనక్కి కట్టుకుని చూశారు. ముట్టుకోకూడదని ఆయనకు తెలుసు. బానెట్ మీద మెరుపు, ముందు దీపాల చుట్టూ వెండిరంగు అంచు, వెనక బంపరు సొట్ట, పైన నిలబెట్టిన శిక్షణ పలక, అన్నీ చూసి ముఖం విప్పారింది.

"నీలమే వేశావు. నేను చెప్పలా? ఇంతకీ నాన్నేరీ?"

ఆమె డబ్బాలోంచి పొడుగు బొమ్మను తీసి కూర్చోబెట్టి చూపింది. ఫొటో చూపింది. బోల్టులు చూపింది. భూతద్దం ఆయన చేతికిచ్చింది.

"అదా," అన్నారాయన భూతద్దం కింద పెట్టి. "అయితే కాళ్ళు కొంచెం కత్తిరించు. లోపల ఎవరికి కనిపిస్తాయి?"

"మామగారి కాళ్ళు కత్తిరించమంటారా బావగారూ?"

తలుపు దగ్గర నిలబడి ఉన్న భర్త నవ్వు ఆగక దగ్గు తెచ్చుకున్నాడు. బావగారు నవ్వలేదు.

"అమ్మ కూర్చునేదని అంటావు. అంతేగా? కూర్చునేదమ్మా, కాదన్నానా? అప్పుడప్పుడూ తోడుకి వెళ్ళేది."

"అప్పుడప్పుడూ కూర్చునేవాళ్ళ కోసం సీటు బోల్టులేసి బిగించేస్తారా?"

"నాకు నేర్పింది నాన్నే. మెడ మీద ఆయన కొట్టిన దెబ్బ ఇంకా గుర్తుంది నాకు."

"ఈ కారులోనా?"

బావగారు బొమ్మ కారు వైపు చూశారు, అందులో తాను ఎక్కడ కూర్చున్నారో వెతుక్కుంటున్నట్టు. "జీపులో," అన్నారు చివరికి. "అద్దె జీపులో, మైదానంలో." తర్వాత కుర్చీ ఆమె వైపు జరుపుకున్నారు. "చూడమ్మా, బోర్డు మీద నాన్న పేరుంది. ఆదివారం ఆయన స్నేహితులందరూ వస్తున్నారు. కారులో ఆయన లేకపోతే ఏం బావుంటుంది చెప్పు. నీ పనికి వంక పెట్టడం లేదు నేను. పెద్దాయన పరువు గురించి చెబుతున్నా."

ఆ మాట మొరటుగా అని ఉంటే ఆమెకు పోట్లాట తేలికయ్యేది. బతిమాలుతున్నట్టు అన్నారు. ఆమె "చూస్తాను" అని మాత్రం అంది. అత్తగారి గదిలో అంతకుముందు వినిపిస్తున్న రేడియో చప్పుడు ఎప్పుడో ఆగిపోయిందని ఆయన వెళ్ళాక గమనించింది.

మర్నాడు పొద్దున్నే పనిలో కూర్చుంది. రేకుబొమ్మ మీద పుట్టీ పెట్టి భుజాలు, చెంపలు, ముడి తెచ్చింది. ఆరాక ఉప్పుకాగితంతో నున్న చేసింది. కొప్పు కొద్దిగా ఒక పక్కకు ఉంటుంది అత్తగారిది. అలాగే ఉంచింది. బట్టలకు ఆకుపచ్చ వేసింది. అల్లిక సూదులకు గిటారు తీగ పనికొచ్చింది, మేకు తలంత ఊలుండకు కుట్టుదారం చుట్టింది. ఆ రెండు సూదులనూ చేతుల మధ్య నిలపడానికి మూడుసార్లు ఊపిరి బిగబట్టవలసి వచ్చింది. బావగారికి ఏం చెప్పాలో ఇంకా తెలియదు. కానీ పక్క సీట్లో కూర్చుని, ఒళ్ళో ఊలుతో, బ్రేకు మీద పాదంతో, ఉన్నది ఉన్నట్టున్న ఆ చిన్న మనిషిని చూస్తే, ఏదైనా చెప్పగలననిపించింది.

ముందు చూపించవలసిన మనిషికి చూపించాలని పిలిచింది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని వంగారు. "ఇంత లావున్నానా నేను?"

"పుట్టీ కదా అత్తయ్యా, ఇంకా అరగదీస్తాను."

"ఊలు కూడానా." ఆవిడ వేలు కారు కప్పు దాకా వెళ్ళి ఆగింది. ఎక్కువసేపు చూశారు. తర్వాత నిటారుగా నిలబడి, కళ్ళజోడు తీసి, "బాగా చేశావు. తీసెయ్," అన్నారు.

"తీసెయ్యడమా?"

"తీసెయ్."

"నిజం అదే కదా. అందరికీ నేర్పింది మీరు. బోర్డు మీద పేరొకరిది, నేర్పింది ఒకరు. కనీసం ఈ బొమ్మలోనైనా..."

"నిజమే. ఎవరు కాదన్నారు?" అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు, కిటికీ వైపు సగంలో, ఎన్నడూ కూర్చోని చోట. "నా పరువు కోసం చేశావు, తెలుసు. వాడు వాళ్ళ నాన్న పరువంటాడు, నువ్వు నా పరువంటావు. ఆ సీట్లో ఎన్నేళ్ళు కూర్చున్నానో తెలుసా నీకు? ఎవరెటు తిప్పితే అటు వెళ్ళడం. మార్కెట్టు, వంతెన, మైదానం, మళ్ళీ మార్కెట్టు. ఎక్కడికెళ్ళాలో వాళ్ళిష్టం. ఆపడం ఒక్కటే నాది. గాజుపెట్టెలో కూడా అక్కడే కూర్చోమంటావా?"

చిన్నకోడలికి ఇన్ని రోజులూ తాను సాక్ష్యాలు పోగుచేసిందే తప్ప ఆవిడకేం కావాలో అడగలేదని తెలిసింది.

"మరి ఎక్కడ కూర్చుంటారు?" అంది.

అత్తగారు బల్ల మీది ఆకురాయి తీసి, గోరు మీద ఒకసారి రుద్ది చూసి, కింద పెట్టారు.

"కారు అమ్మిన రోజున మీ మామగారికి జ్వరం. కొన్నాయన ఊరవతల ఉంటాడు. నేనే తీసుకెళ్ళి ఇచ్చొస్తానన్నాను. పలక ముందే విప్పేశారు. పక్కన ఎవరూ లేరు. మొట్టమొదటిసారి. కొన్నాయన ఇంటి మలుపొచ్చింది, చూశాను, తిప్పలేదు."

"దారి తప్పారా?"

"దారి నాకు తెలీకపోవడమేమిటి? తిప్పలేదంతే. చెరుకు తోటలు దాటి, ఇటుక బట్టీలు దాటి, పెద్ద రోడ్డు మీదికి పోనిచ్చాను. అద్దాలన్నీ దించేశాను. ఆకలేసేదాకా వెనక్కి తిరగలేదు."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరడిగారు? నువ్వడిగావు సీటు గురించి."

ఆ మధ్యాహ్నం ఇద్దరూ బల్ల కిటికీ వైపే ఉన్నారు. చిన్నకోడలు సన్నటి బ్లేడు జిగురు కిందికి జొనిపి, రంగు పెచ్చు లేవకుండా బొమ్మను ఊడదీసింది. ఊలు, సూదులు తీసేసింది. చేతులు మళ్ళీ చేసింది. నడిపేవాళ్ళ సీటును పట్టాల మీద పూర్తిగా ముందుకు జరిపి అతికించింది. పైనున్న పలక పీకేసి, మేకుల గుర్తులు మాత్రం సూదిమొనతో పెట్టింది. అద్దాలు తీసేయడం అన్నిటికంటే కష్టమైంది. వాటిని అతికించడానికి ఒక రోజంతా పట్టింది మరి.

"మోచెయ్యి కిటికీ మీద పెట్టు," అన్నారు అత్తగారు.

"మోచెయ్యి కిటికీ మీద పెట్టకూడదని మీరే నేర్పేవారట కదా."

"నేర్పేదాన్ని."

మోచెయ్యి కిటికీ మీద పెట్టింది. కొప్పును గీరి, రెండు దారప్పోగులు వెనక్కి ఎగురుతున్నట్టు అంటించింది. "అంత ఊడలేదు," అన్నారు అత్తగారు. మళ్ళీ చూసి, "ఉండనీలే," అన్నారు.

*

ఆదివారం పొద్దున బావగారు గాజుపెట్టె మోసుకుని వచ్చారు. అడుగు చెక్కకు ఇత్తడి పలక బిగించి ఉంది. 'మా వ్యవస్థాపకులు, తమ శిక్షణ కారులో' అని చెక్కించారు. పెట్టెను సోఫా మీద పెట్టి బల్ల దగ్గరికి వచ్చారు.

చిన్నకోడలు చెప్పవలసిన మాటలన్నీ రాత్రే కూర్చుకుంది గానీ, ఆయన వంగి చూస్తుంటే ఒక్కటీ అవసరమనిపించలేదు. భర్త కాఫీ కప్పు పట్టుకుని సరిహద్దు దగ్గరే నిలబడిపోయాడు.

బావగారు ఒక పక్కనుంచి చూశారు. రెండో పక్కకు వెళ్ళి చూశారు. పక్క సీటు ఖాళీగా ఉంది, ముందున్న రెండు పెడళ్ళ మీద ఎవరి కాలూ లేదు. స్టీరింగు దగ్గర ఆకుపచ్చ బట్టల్లో పొట్టి మనిషి, మోచెయ్యి బయటికి పెట్టుకుని, జుట్టు రేగిపోయి.

"నాన్నేరీ?" అన్నారు, నెమ్మదిగా.

"ఇంట్లో దింపేశాను," అన్నారు అత్తగారు వెనకనుంచి. ఆవిడ అప్పటికే తయారై, చేతిసంచీ పట్టుకుని నిలబడి ఉన్నారు.

ఆయన తల్లి వైపు తిరిగారు. మళ్ళీ బొమ్మ వైపు చూశారు. చిన్నకోడలి పనిముట్లలో చేయి పెట్టి, మొదటిసారి అడగకుండానే, ఒక చిన్న స్క్రూడ్రైవరు తీసుకున్నారు. సోఫా ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఇత్తడి పలక స్క్రూలు ఒక్కొక్కటీ విప్పారు. పలకను చొక్కా జేబులో పెట్టుకున్నారు. జేబు బరువుకు వంగింది.

"కొత్తది చెక్కించాలి," అన్నారు లేవకుండానే. "ఎక్కడికెళ్తున్నావు అమ్మా ఇందులో? ఏమని రాయించను?"

"ఇంకా అనుకోలేదురా," అన్నారు అత్తగారు.